సిలువ కథలో నీ పాత్ర ఏది?

(ధ్యానమునకు: మార్కు సువార్త 15వ అధ్యాయము, 16 నుండి 39 వరకు)



క్రిస్మసు దగ్గరపడగానే మన కౌతాళము, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు సంఘములలో నాటకపు మాట వినవచ్చును. యోసేపు ఎవరు, మరియ ఎవరు, హేరోదు ఎవరు అని పిల్లలు మొదలుకొని పెద్దల వరకు మాటలాడుకొందురు. హేరోదు వేషమునకు పోటీ యెక్కువ. పట్టుబట్టలు, కిరీటము, కత్తి, గొంతెత్తి చెప్పు మాటలు అన్నియు అతనివే గదా! గొఱ్ఱెల కాపరి వేషమునకు పోటీపడువారు తక్కువ. కంబళి కప్పుకొని కఱ్ఱ పట్టుకొనుటకు ఎవరైనను చాలునందురు. అయితే దేవదూత మొట్టమొదట వెదకివచ్చినది ఎవరిని? హేరోదునా, కాపరులనా? ఈ ప్రశ్నను మనస్సులో నుంచుకొని ఈ వ్యాసమును చదువుము.

మన ప్రభువు జీవితమును తెరమీద చూపుటకు లోకములోని గొప్ప నటులు అనేకులు కూడి పనిచేసిన చిత్రములు కొన్ని యున్నవి. సంఘ పత్రికలో సినిమా సంగతి యేల అని పెద్దలు కొందరు అడుగవచ్చును. సినిమాను పొగడుటకు ఈ మాటలు వ్రాయుట లేదు, తిట్టుటకును వ్రాయుట లేదు. ఆ చిత్రముల చరిత్రలో మన ఆత్మకు పనికివచ్చు పాఠమొకటి యున్నది. దానిని ఏరుకొందము.

తారలు నిండిన చిత్రము

1965వ సంవత్సరమున అమెరికా దేశములో 'ది గ్రేటెస్ట్ స్టోరీ ఎవర్ టోల్డ్' అను చిత్రము విడుదలయ్యెను. ఇంతవరకు చెప్పబడిన కథలలో మిక్కిలి గొప్ప కథ అని ఆ పేరునకు అర్థము. మన ప్రభువు జీవితమే ఆ కథ. దర్శకుడైన జార్జి స్టీవెన్సు పేరుగలవాడు, పనియందు శ్రద్ధగలవాడు. ఆ కాలములోనే దానికి దాదాపు రెండు కోట్ల డాలర్లు ఖర్చయ్యెను. యూటా, అరిజోనా, నెవాడా రాష్ట్రముల కొండల నడుమను ఎడారులలోను పాలస్తీనా దేశమును నిలువబెట్టిరి. మొదట చూపినప్పుడు చిత్రము నాలుగు గంటలకు పైగా సాగెను.

ప్రభువు వేషమునకు స్టీవెన్సు స్వీడన్ దేశస్థుడైన మాక్స్ ఫాన్ సీడో అను నటుని ఎంచుకొనెను. అమెరికా ప్రజలు అతనిని అంతగా ఎరుగరు. ఎరుగని ముఖమైనయెడల చూచువారు నటుని మరచి ప్రభువును తలంతురని దర్శకుని ఆలోచన. అది మంచి ఆలోచనయే.

అయితే మిగిలిన వేషములలో అనేకమునకు ఆయన జనులందరు ఎరిగిన నటులను పిలిచెను. బాప్తిస్మమిచ్చు యోహానుగా చార్ల్టన్ హెస్టన్, మహా హేరోదుగా క్లాడ్ రెయిన్స్, హేరోదు అంతిపగా హోసే ఫెరర్, ప్రభువు తల్లిగా డరతీ మెగ్వైర్, ఇస్కరియోతు యూదాగా డేవిడ్ మెకాలమ్, కయపగా మార్టిన్ లాండౌ కనబడిరి. పిలాతు వేషము వేసిన టెల్లీ సవాలస్ ఆ వేషము కొరకే తల గొరిగించుకొనెను. తరువాత ఆ బోడితలయే అతనికి గుర్తుగా నిలిచిపోయెను. సిలువ యెదుట నిలిచిన శతాధిపతిగా జాన్ వేన్ వచ్చెను. గుఱ్ఱమెక్కి తుపాకి పట్టి దుండగులను తరుము చిత్రములలో అమెరికాయంతయు ఎరిగిన వీరుడతడు.

తరువాత ఏమి జరిగినదో వినుము. చూచువారు ప్రభువును వెంబడించుటకు బదులుగా నటులను లెక్కించుచు కూర్చుండిరి. "అదిగో ఫలానావాడు, ఇదిగో ఫలానావాడు" అను గుసగుసలే మిగిలెను. సూర్యుడు చీకటియై, ఆలయపు తెర చినిగి, శతాధిపతి నోరు తెరచి దేవుని కుమారుని ఒప్పుకొను ఘడియ సువార్తలో మిక్కిలి పవిత్రమైనది. తెరమీద ఆ ఘడియ రాగా, ఆ గొంతు విని జనులకు గుఱ్ఱపు వీరుడే జ్ఞాపకమునకు వచ్చెను. విమర్శకులు ఈ సంగతినే ఎత్తి చూపిరి. ఆస్కారు బహుమానములకు అయిదు విభాగములలో దాని పేరు నిలిచెను గాని, ఒక్క బహుమానమును రాలేదు. పెట్టిన సొమ్ము తిరిగి రాలేదు.

దర్శకునికి భక్తి లేకపోలేదు. నటులకు నేర్పు లేకపోలేదు. పెద్ద పేర్లు మితిమీరుటచేత గొప్ప పేరు మరుగుపడెను. చదువరీ, ఇది సినిమావారికి మాత్రమే కలిగిన కష్టము అనుకొనవద్దు. మన కూటముల గోడపత్రికలను చూడుము. ప్రసంగించువారి ఫొటోలు, పాడువారి ఫొటోలు, ఖర్చు పెట్టినవారి ఫొటోలు అంచునుండి అంచువరకు నిండియుండును. ప్రభువు పేరు ఎక్కడ నున్నదో వెదకవలసియుండును. అమెరికావారు రెండు కోట్ల డాలర్లు పోసి నేర్చుకొన్న పాఠమును మనము ఊరకనే నేర్చుకొనవచ్చును.

ముఖము చూపని చిత్రము

దీనికి ఆరేండ్లు ముందు, అనగా 1959లో, 'బెన్ హర్' అను చిత్రము వచ్చెను. విలియం వైలర్ దర్శకుడు. 1880లో లూ వాలెస్ వ్రాసిన నవల దానికి ఆధారము. క్రీస్తు కాలపు యూదుడొకడు అన్యాయముగా ఓడ తెడ్లకు బానిసగా పంపబడి, పగతో రగిలి, తుదకు సిలువ యెదుట ఆ పగను విడుచుట దాని కథ. దానిలోను నటులు అనేకులు, వెనుక నడచిన జనులు వేలకొలది. రథముల పందెమును జనులు నేటికిని చెప్పుకొందురు. అది ఆస్కారు బహుమానములు పదకొండు పొందెను.

ఆ చిత్రములో మన ప్రభువున్నాడు. క్లాడ్ హీటర్ అను సంగీత నాటకముల గాయకుడు ఆ వేషము ధరించెను. అయితే ఆయన ముఖము ఒక్కసారియు చూపబడదు. వీపు, చేయి, వస్త్రపు అంచు మాత్రమే కనబడును. నజరేతులో దాహముతో కూలిన బానిసకు ఆయన నీళ్లు త్రాగించును. కాపలా సైనికుడు అడ్డగింపబోయి, ఆయన ముఖమును చూచి వెనుకకు తగ్గును. ఆ సైనికుని కన్నులలో మనము ప్రభువును చూతుము. కథ చివర ప్రభువు సిలువ మోయుచు పడినప్పుడు, ఒకనాడు ఆ నీళ్లు త్రాగినవాడే ఆయనకు నీళ్లు అందింపబోవును.

నాలుగు సువార్తలను జాగ్రత్తగా చదివి చూడుము. ప్రభువు పొడుగరియా, పొట్టివాడా, ఆయన రంగేమి, కన్నులు ఎట్టివి అను సంగతి మత్తయి వ్రాయలేదు; మార్కు, లూకా, యోహానులును వ్రాయలేదు. ఆయనతో మూడేండ్లు తిని త్రాగి తిరిగినవారు సయితము వ్రాయలేదు. ఆయన యెవరిని ముట్టెనో, ఎవరి యింట భోజనము చేసెనో, ఎవరి కొరకు కన్నీరు విడిచెనో వ్రాసిరి. ఆయన ముఖమును ఎరుగుటకు మార్గము, ఆయన తాకిన మనుష్యుల ముఖములను చూచుటయే.

యూదా వేషము, నీకొదేము వేషము

ఇంకొక సంగతి చెప్పెదను. 1927లో సెసిల్ డెమిల్ అను దర్శకుడు 'ది కింగ్ ఆఫ్ కింగ్స్' అను మూకీ చిత్రమును తీసెను. దానిలో ప్రభువు ముఖము మొదట ఎట్లు కనబడునో తెలియునా? ఒక గ్రుడ్డి బాలికకు చూపు వచ్చినప్పుడు, ఆమె చూచిన మొదటి రూపముగా కనబడును. ఆ చిత్రములో యూదా వేషము వేసినవాడు జోసెఫ్ షిల్డ్‌క్రౌట్. అతని తండ్రియైన రుడాల్ఫ్ షిల్డ్‌క్రౌట్ కయప వేషము వేసెను.

ముప్పదియైదేండ్లు గడచిన తరువాత స్టీవెన్సు తన చిత్రములో ఈ జోసెఫ్‌కే నీకొదేము వేషము ఇచ్చెను. యౌవనములో ముప్పది వెండి నాణెములు పుచ్చుకొన్న వేషగాడు ముదిమిలో రాత్రివేళ ప్రభువునొద్దకు వచ్చినవాని వేషము ధరించెను. ఆ చిత్రము విడుదల కాకమునుపే, 1964లో, అతడు మరణించెను.

నటునికి ఇది వృత్తిలోని సంగతి. మనకైతే ఇది ధ్యానింపదగిన గురుతు. ఒకనాటి వేషము మనిషికి జీవితాంతము అంటుకొని యుండనక్కరలేదు. పేతురు ఆ రాత్రి చలిమంటయొద్ద ఎరుగనని పలికినవాడే. పెంతెకొస్తు దినమున నిలువబడి చాటినవాడును అతడే. సౌలు స్తెఫను చావునకు సమ్మతించినవాడే. తరువాత అన్యజనులకు అపొస్తలుడాయెను. త్రాగుడు చేత, అప్పుల చేత, పగల చేత "నా వేషము ఇంతే" అని కూర్చున్నవారు మన సంఘములలో నున్నారు. వారితో చెప్పుము, ప్రభువునొద్ద వేషము మారును.

మన దేశపు తెర

ఇక మన దేశమునకు వత్తము. భారతదేశపు చలనచిత్రముల చరిత్ర మొదటిపుటలోనే ప్రభువు కథ యున్నదని నీవెరుగుదువా? 1910-11 ప్రాంతమున బొంబాయిలో దాదాసాహెబు ఫాల్కే అనునతడు క్రీస్తు జీవితమును చూపు విదేశీ చిత్రమొకటి చూచెను. అది చూచుచుండగానే, మన దేవతల కథలను, మన పురాణములను ఇట్లే తెరమీద చూపవలెనను తలంపు అతనికి కలిగెను. ఆ తలంపు ఫలమే 1913లో వచ్చిన 'రాజా హరిశ్చంద్ర'. ఆ దినములలో స్త్రీలు నటించుటకు రాలేదు గనుక, తారామతి వేషమునకు ఫాల్కే హోటలులో పనిచేయు సాళుంకే అను యువకుని పిలుచుకొని వచ్చెను. గిన్నెలు దింపిన చేతులే రాణి వేషము ధరించెను.

నటన అనగా మన సీమకును క్రొత్తది కాదు. మన ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు బళ్ళారి జిల్లాలోనిది. బళ్ళారి రాఘవ ఆ జిల్లా పేరును తన పేరులో ధరించి దేశదేశములలో కీర్తి పొందెను. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టినవారిలో ఆయన ముఖ్యుడు. తోలుబొమ్మలు, రాత్రి తెల్లవార్లు సాగు నాటకములు, డేరా సినిమాలు చూచిన జనులము మనము. కన్నులతో చూచిన కథను మనవారు త్వరగా మరువరు.

1978 డిసెంబరు 21న తెలుగున 'కరుణామయుడు' విడుదలయ్యెను. విజయచందర్ దానిని నిర్మించి, తానే ప్రభువు వేషము ధరించెను. ఆయన ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారికి మనుమడు. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్ తమిళమున 'పాశమలర్' వంటి కుటుంబ చిత్రములతో పేరు పొందినవాడు. చిత్రము ప్రజల యెదుటికి రాకమునుపే, ఆ యేడు జనవరి 16న, ఆయన కన్నుమూసెను. డబ్బు చాలక ఆ చిత్రము ఏండ్ల తరబడి సాగెను. పని ఆగుచు, మరల మొదలగుచు వచ్చెను. పిలాతు వేషమునకు వచ్చినవాడు కొంగర జగ్గయ్య. గంభీరమైన కంఠమునకు ఆయన ప్రసిద్ధుడు; 1967లో ఒంగోలునుండి పార్లమెంటుకు ఎన్నికైనవాడు. సురేఖ మరియమ్మ వేషము ధరించెను. మోదుకూరి జాన్సన్ పాటలు వ్రాసెను. సిలువ మోయు ఘట్టములో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము పాడిన పాటను మన పల్లెలలో ఎరుగనివారు లేరు.

అమెరికా చిత్రముతో పోల్చినయెడల దీని ఖర్చు లేశమాత్రము. అయినను దాని ప్రయాణము చూడుము. ఈ చిత్రము 'దయాసాగర్' అను పేరుతో హిందీలోనికి, మరి యితర భాషలలోనికి మార్చబడెను. సువార్త బృందములు యంత్రమును, తెల్లబట్టను బండిలో వేసికొని, కరెంటు లేనిచోటికి జనరేటరు మోసికొని, పల్లెపల్లెకు పోయిరి. రెండు గుంజలకు బట్ట కట్టి, చీకటి పడిన తరువాత చూపిరి. చదువనెరుగని అవ్వలు, కూలికి పోయివచ్చిన తల్లులు చంటిబిడ్డలను ఒడిలో పెట్టుకొని నేలమీద కూర్చుండి చూచిరి. కొరడా దెబ్బలు పడినప్పుడు ఏడ్చిరి. రెండు కోట్ల డాలర్ల చిత్రము కంటె ఈ బీద చిత్రమే మన పల్లెల గుండెలలో లోతుగా దిగెను. ప్రభువు తెలుగు మాట మాటలాడుటయు, మనవంటి ముఖముతో నడచుటయు దానికి ఒక కారణము. నటుల పేర్లను లెక్కించుటకు గాక, ఆ కథను చూచుటకే జనులు వచ్చుట మరియొక కారణము.

ముఖమును పట్టుకొని కూర్చుండవద్దు

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. 1957లో 'మాయాబజార్' వచ్చిన తరువాత ఎన్.టి. రామారావుగారి కృష్ణుని రూపము క్యాలెండర్లకెక్కి, అనేకుల యిండ్లలో పూజలందుకొనెను. ఇది అందరు ఎరిగిన సంగతి. మనవారును దీనికి వెలిగా లేరు. నటుని ముఖమే ప్రభువు ముఖమని తలంచి పటము కట్టించుకొన్నవారు, దానికి దండ వేసినవారు మనలోను ఉన్నారు.

ఆలోచింపుము. ప్రభువు వేషము ధరించిన విజయచందర్ తరువాత 1986లో షిర్డీ సాయిబాబా వేషమును ధరించెను. తన తాతగారైన ఆంధ్రకేసరి జీవితమును చిత్రముగా తీసెను. కబీరుదాసు కథలోను నటించెను. దీనికి ఆయనను తప్పు పట్టనక్కరలేదు. నటునికి అది వృత్తి. అంగీ మార్చినంత సుళువుగా వేషము మారును. అట్టి ముఖమును పట్టుకొని ప్రార్థించువాడు ఏమి పట్టుకొన్నట్లు? తెర వెలుగు ఆరిపోగానే తెల్లబట్ట మాత్రమే మిగులును.

మన తాతలకు సువార్త ఎట్లు చేరెనో జ్ఞాపకము చేసికొనుము. 1810లో లండను మిషను వారు బళ్ళారికి వచ్చినది మొదలు, కాలినడకను, ఎడ్లబండ్లలోను ఊరూర తిరిగి నోటిమాటతో చెప్పిరి. రాత్రివేళ లాంతరు బొమ్మలు చూపుటయు మిషనువారు ఎరిగిన పద్ధతియే. అయినను బొమ్మ చూపిన తరువాత వాక్యమును విప్పి చెప్పనిదే వారు లేచి పోయెడివారు కారు. వినుటవలన విశ్వాసము కలుగునని పౌలు రోమా సంఘమునకు వ్రాసినది వారెరుగుదురు. నేడు ఆ బొమ్మలన్నియు చేతిలోని ఫోనులోనే యున్నవి. చూచుము, తప్పు లేదు. చూచిన తరువాత ఆ యధ్యాయమును తెరచి చదువుము. చదువనెరుగనివానికి నీవు చదివి వినిపింపుము.

పేరులేని జనసమూహము

ఇట్టి పెద్ద చిత్రములలో నటుల పేర్లు అచ్చువేయబడును. వెనుక నడచు జనుల పేర్లు ఎవరును వ్రాయరు. 1954లో డెమిల్ తన 'ది టెన్ కమాండ్‌మెంట్స్' అను చిత్రము కొరకు ఐగుప్తు దేశమునకు పోయెను. 1956లో అది విడుదలయ్యెను. మోషేగా హెస్టన్, ఫరోగా యూల్ బ్రిన్నర్. జమ్ముపెట్టెలోని పసివాడైన మోషేగా కనబడినవాడు హెస్టన్ స్వంత కుమారుడు. ఇశ్రాయేలీయులు దాస్యమునుండి బయలుదేరు ఘట్టమునకు వేలకొలది జనులు కావలసివచ్చిరి. ఐగుప్తు పల్లెల రైతులు, స్త్రీలు, పిల్లలు, ముసలివారు తమ పశువులతో వచ్చి నడచిరి. వారి పేర్లు ఎవరికిని తెలియవు. అయినను ఆ చిత్రమును చూచినవారు మరువలేనిది ఆ నడకయే. మూటలు, మేకలు, చంకలో బిడ్డలు, బండిమీద అవ్వ! మోషే ఒక్కడే నడచినయెడల అది నిర్గమము కాదు.

మన కౌతాళము, కోసిగి, మంత్రాలయము మండలములవారికి ఈ నడకను వేరుగా చూపనక్కరలేదు. వాన తప్పిన యేట నల్లరేగడి నోరు తెరచినప్పుడు, ప్రత్తి కాయక, జొన్న పండక, కుటుంబములు మూటలు కట్టుకొని గుంటూరు మిరపచేలకు, బెంగుళూరు కట్టడపు పనులకు పోవును. ఇంట ముసలివారు మిగులుదురు. గుడిలో చాపలు సగము ఖాళీ. బడిమానిన పిల్లలు తల్లిదండ్రులతో పోవుదురు. లోకము దృష్టిలో వీరు వెనుక నడచు జనసమూహము. దేవుని దృష్టిలో అట్లు కాదు. ఆయన తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచునని యోహాను సువార్త 10వ అధ్యాయములో చదువుచున్నాము. సంఖ్యాకాండము చదువునప్పుడు పేర్ల వరుసలు వచ్చిన విసుగుకొందుము. ఎడారిలో నడచిన జనమును దేవుడు వంశములచొప్పున, పేర్లచొప్పున వ్రాయించుటయే ఆ వరుసల అర్థము.

పల్లెటూరినుండి వచ్చినవాడు

ఇప్పుడు మార్కు 15వ అధ్యాయము 21వ వచనమునకు వత్తము. ప్రభువు సిలువ మోయలేక పోవుచుండెను. పేతురు లేడు. యాకోబు లేడు. సింహాసనములపై కుడియెడమల కూర్చుండవలెనని అడిగినవారు ఆ మార్గమున కనబడలేదు. అప్పుడు పల్లెటూరినుండి వచ్చుచు ఆ మార్గమున పోవుచున్న ఒకనిని సైనికులు పట్టుకొనిరి. అతడే కురేనీయుడైన సీమోను. అతడు వేషము అడుగలేదు. పోటీపడలేదు. బలవంతముగా అతని భుజమున సిలువ మోపిరి.

కురేనే ఆఫ్రికా ఖండములోని పట్టణము. స్టీవెన్సు తన చిత్రములో ఈ సీమోను వేషమును సిడ్నీ పోయిటియర్ అను నల్లజాతి నటునికి ఇచ్చెను. ఆ వేషమునకు మాటలు లేవనియే చెప్పవలెను. వంగి సిలువను ఎత్తుట, మోయుట మాత్రమే. చిత్రము 1965 ఫిబ్రవరిలో విడుదలయ్యెను. నెల తిరుగకమునుపే, మార్చి 7న, అదే దేశములో అలబామా రాష్ట్రపు సెల్మా పట్టణమున, ఓటు హక్కు కొరకు శాంతముగా నడచిన నల్లజాతివారిని వంతెనమీద పోలీసులు లాఠీలతో కొట్టిరి. తెరమీద నల్లనివాడు ప్రభువు సిలువ మోయగా చూచి కన్నీరు తుడుచుకొన్న దేశము, వీధిలో అతని అన్నదమ్ములు నడచుటను ఓర్వలేకపోయెను. ఆ యేడు ఆగస్టులో వారి ఓటు హక్కును కాపాడు చట్టము వచ్చెను. దానికి పూర్వము రక్తము కారెను.

చదువరీ, మన తాతలలో అనేకులు ఊరి వెలుపలి గేరులలో పుట్టినవారు. బావి దగ్గర నిలువబడి, ఎవరైనను దోసిట నీళ్లు పోయుదురేమోయని కాచుకొన్నవారు. వారికి సువార్త ఎందుకు తియ్యగా తోచెనో ఇప్పుడు తెలిసినదా? ఊరి వెలుపలికి త్రోయబడిన ప్రభువు, ఊరి వెలుపల సిలువ వేయబడిన ప్రభువు వారికి అన్యుడుగా తోచలేదు. ఆయన సిలువను మోసినవాడు రాజు కాడు, యాజకుడు కాడు. పల్లెటూరినుండి నడచి వచ్చిన బాటసారి.

మార్కు సీమోనును గూర్చి ఇంకొక మాట వ్రాసెను. అతడు అలెక్సంద్రునకును రూఫునకును తండ్రియట. ఆ పిల్లల పేర్లు అక్కడ ఏల? మార్కు సువార్తను మొదట చదివిన సంఘస్థులు వారిని ఎరుగుదురు గనుకనే గదా! రోమా పత్రిక 16వ అధ్యాయములో పౌలు రూఫు అను ఒకనికిని అతని తల్లికిని వందనములు చెప్పి, ఆమె తనకును తల్లియే అనెను. ఆ రూఫు ఈ సీమోను కుమారుడేయని పూర్వమునుండి అనేకులు తలంచుచున్నారు. అట్లయినయెడల, ఒకనాటి బలవంతపు మోత ఒక కుటుంబమునంతటిని సంఘములోనికి నడిపించెను.

మన సంఘములకు ఒక మాట

ఈ క్రిస్మసునకు నాటకము వేయునప్పుడు ఈ మాటలను జ్ఞాపకము చేసికొనుడి. పెద్ద చందా ఇచ్చినవాని కుమారునికి పెద్ద వేషము, కూలివాని కుమారునికి గుంపులో చోటు అను లెక్క పెట్టకుడి. వలస పోయి ఆలస్యముగా తిరిగివచ్చిన బిడ్డకు "ఇక వేషములు లేవు" అని చెప్పకుడి. కాపరులు ఇందరే యుండవలెనని లూకా వ్రాయలేదు. మాట తడబడు బిడ్డకు దీపము పట్టుకొను పని యిండి. హేరోదు కిరీటమునకు బంగారు కాగితము అంటించుటకు ఒక దినము పట్టినయెడల, కాపరుల పిల్లలకు ఆ వాక్యభాగమును నేర్పుటకు రెండు దినములు పెట్టుడి. నాటకము ముగిసిన పిమ్మట, తెర దించకమునుపే, ఎవరైన ఒకరు సువార్త తెరచి నిదానముగా చదువవలెను.

చదువరీ, నీవును ఆలోచించుకొనుము. సిలువ కథను ప్రక్కన కూర్చుండి చూచుటకు ఎవరికిని చోటు లేదు. హోసన్నా అని కేకవేసిన గుంపులో నీవు ఉంటివా? కొద్ది దినములలోనే సిలువ వేయుమని కేకవేసిన గుంపులోను ఉంటివా? పిలాతువలె చేతులు కడుగుకొని, న్యాయము తెలిసియు మిన్నకుంటివా? దూరమునుండి నిలిచి చూచిన స్త్రీలవలె, ఏమియు చేయలేకున్నను విడిచిపోక నిలిచితివా? గేరిలో రోగియై పడియున్న ముసలమ్మ, మొగుడు వలసపోయిన యింట ఒంటరిగా బిడ్డలను సాకుకొను తల్లి, అప్పు తీర్చలేక రాత్రులు నిద్రపోని రైతు, వీరి భుజములమీద నేడు సిలువ యున్నది. నీవు చేనినుండి ఇంటికి వచ్చు మార్గములోనే వారి యిల్లు ఉన్నది. ఒక కుండ నీళ్లు, ఒక పూట గంజి, ఆసుపత్రివరకు తోడు, ఇదియే నేడు నీకు దొరకిన పాత్ర.

దానికి చప్పట్లు ఉండవు. నీ పేరు గోడపత్రికలో అచ్చుపడదు. అయినను కురేనీయుడైన సీమోను పేరు రెండువేల యేండ్లుగా, ప్రతి భాషలోను, మన తెలుగు బైబిలులోను చదువబడుచున్నది. పల్లెటూరినుండి వచ్చినవాని పేరును ప్రభువు మరువలేదు. నీ పేరును మరువడు.

ప్రార్థన: ప్రభువా, పెద్ద వేషములను కోరు మా మనస్సును క్షమింపుము. మా మార్గములో నీవు మోయించు సిలువను, మా పొరుగువాని భారముగా వచ్చినను, సంతోషముగా ఎత్తుకొనుటకు మాకు భుజబలము దయచేయుము. ఆమేన్.